మెడదాకా మన్ను

మా అత్త నారాయణమ్మ నాటిన నారు చచ్చిందన్న మాట, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక, పోయిన సంవత్సరం దాకా వినలేదు. కావాలంటే సోమల చుట్టుపక్కల ఎవరినైనా అడగండి. టమోటా నాటేరోజు కోడి కూయకముందే ఎవరో ఒకరు మా వాకిట్లో నిలబడేవాళ్ళు. ఈశాన్యం మూల మొదటి మొక్క నారాయణమ్మ చేత్తో పడాలి, ఆ తర్వాతే కూలోళ్ళు చేలో దిగాలి. ఆమె హస్తవాసి అలాంటిదని పేరు. ఆమె కూడా ఆ పేరును ఊరికే మోసుకుని తిరగలేదు. తను పెట్టిన మొక్క వాడిందని తెలిస్తే ఆ చేలోకి పోయి, నీళ్ళు ఎప్పుడు పెట్టావు, ఎరువు ఎంత వేశావు అని ఆ రైతును నిలబెట్టి కడిగేసేది. తప్పు వాడిదేనని ఒప్పించిగానీ ఇంటికొచ్చేది కాదు.

ఆమె నాటే తీరే వేరు. నారు కాడ జానెడు పొడుగున్నా సరే, మెడదాకా మట్టిలోకి దించేసేది. చిగురూ, దాని కింద రెండాకులూ మాత్రం పైన కనబడాలి. టమోటా లేత కాడకు సన్నటి నూగు ఉంటుంది. మట్టి తగిలితే ఆ కాడ పొడుగునా వేళ్ళు పుట్టుకొస్తాయి. "కాడను బయట పెడితే గాలికి ఊగి సస్తాది. లోపల పెడితే కాడంతా వేరైపోతాది" అని నా వేళ్ళు పట్టుకుని నేర్పించింది. నేను గుడుపల్లె పిల్లను. మా కుప్పం వైపు మాటల్లో అరవం, కన్నడం కలిసిపోయి ఉంటాయి. నా మాట అర్థం కానట్టు ముఖం పెట్టి, కొడుకును పిలిచి, నీ పెండ్లాం ఏమో అంటాంది సూడప్పా అని నన్ను ఆటపట్టించేది. నాకు వచ్చిన సేద్యమంతా ఆమె నేర్పిందే. అందుకే ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు. మీరే ఓర్చుకోవాలి.

పోయిన ఎండాకాలం మా మామ లక్ష్మయ్య పోయాడు. పాలు పిండి లేచి, చెంబు కింద పెట్టి, గుండె పట్టుకుని కూర్చున్నాడు. మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. కర్మాంతరాలు జరిగాయి. వానలు పడ్డాయి. ఊళ్ళో నాట్లు మొదలయ్యాయి. మా వాకిట్లోకి ఎవరూ రాలేదు.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. పిలవడం మానేశారు, అంతే. మామకు వరుసకు చెల్లెలయ్యే వెంకటమ్మ మాత్రం వచ్చి, పాపం వదినను ఇంక ఎండలో తిప్పకండి, మొదటి మొక్కలు నేను పెడతాలే అని నాతో చెప్పిపోయింది. ఆ 'పాపం' అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ముత్తైదువ చెయ్యి కావాలని ముఖాన చెప్పి ఉంటే నేనూ ముఖానే జవాబు చెప్పేదాన్ని. పాపం అన్నవాళ్ళను ఏమని తిడతాం?

అంతకంటే నాకు మంట పుట్టించింది మా అత్తే. ఊరందరినీ నిలబెట్టి అడిగిన మనిషి, ఈ మాటకొచ్చేసరికి మారు మాట్లాడకుండా నమ్మేసింది. పాలకు తోడు వేయడం కూడా మానేసింది. గిన్నె నా ముందు పెట్టి, నువ్వే వెయ్యి మే, నా చెయ్యి యాల, ఎందుకు పనికొస్తాది అనేది. విత్తనాల డబ్బా తాకేది కాదు. రోజంతా రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. పని లేకుండా పడి ఉన్న ఆ చేతుల్ని చూస్తే నాకు భయం వేసేది. మామ పోయినప్పుడు ఆమె ఏడవలేదు కూడా. అందరూ గుండె రాయి చేసుకుందన్నారు. నాకైతే ఆమె కూడా ఆయన వెంటే సగం పోయిందనిపించింది.

మా చేలో రెండు పంటలుగా ఎండు తెగులు. నేలలోనే ఉంటుంది ఆ జబ్బు. పొద్దున పచ్చగా ఉన్న చెట్టు మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది, ఆ తర్వాత నిలువునా ఎండిపోతుంది. ఏ మందుకూ లొంగదు. ఈసారి అంటు నారు తెద్దామని మా ఆయన మునిశేఖర్ పుంగనూరు దారిలో ఉండే నర్సరీకి పోయి చెప్పి వచ్చాడు. అడవి వంగ మొక్కను లేతగా ఉన్నప్పుడే కాడ మధ్యలో కోసి, దాని మొదలు మీద అంతే లావున్న టమోటా కాడను నిలబెట్టి, చిన్న క్లిప్పు వేస్తారు. కొన్నాళ్ళకు రెండు కాడలూ అతుక్కుని ఒకటవుతాయి. కింద వేరు అడవి వంగది, దానికి ఈ తెగులు అంత తేలిగ్గా పట్టదు. పైన కాసేది టమోటా.

నారు వస్తుందన్న మాట విన్నప్పటి నుంచి నేను ఒకటే పట్టు పట్టాను. మొదటి మొక్క అత్తే పెట్టాలి. ఊరోళ్ళు తమ చేలకు పిలవకపోతే వాళ్ళిష్టం, సొంత చేలో కూడా ఆమె చెయ్యి పనికిరాదా? మునిశేఖర్ తల ఊపాడు. మా ఆయన మంచివాడు. ఎవరికీ ఎదురు చెప్పడు, అదే నా ఖర్మ. నాకూ ఎదురు చెప్పలేదు, ఊరికీ ఎదురు చెప్పలేదు. నేను అడిగినదానికి సరేనని, అటు పోయి వెంకటమ్మను కూడా నాటుకు రమ్మని చెప్పి వచ్చాడు.

బండి వచ్చేసరికి మా అత్త చేలో లేదు. వెతికితే పశువుల కొట్టం వెనకాల నిలబడి ఉంది. నారు దిగేటప్పుడు తన ముఖం ఎదురు రాకూడదట. ట్రేలన్నీ దించి గెనిమ గట్టు మీద పెట్టేదాకా రానంది. ఎంత చెప్పినా కదల్లేదు. నేను విసుక్కుని బండి దగ్గరికి వచ్చేశాను. నర్సరీ నుంచి వచ్చిన ప్రవీణ్ ఒక మొక్కను తీసి పట్టుకుని అందరికీ చూపించాడు. కాడ మీద క్లిప్పు ఉన్నచోట అతుకు ఉంటుంది, ఆ అతుకు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి, దానికి మట్టి తగలనివ్వకూడదు అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వెంకటమ్మ, కూలికి వచ్చిన ఆడవాళ్ళు, నేను, మునిశేఖర్, అందరం విన్నాం. అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను కొట్టం వెనక్కి పోయి మా అత్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. రాను రానంటూనే వచ్చింది. ఈశాన్యం మూల కూర్చుని మొదటి మొక్క తీసుకుంది. మట్టిలో దించి, చుట్టూ వేళ్ళతో అదిమి, ఇంకోసారి అదిమింది. వెంకటమ్మ అటు తిరిగి కొంగు సర్దుకుంది. రెండోది పెట్టింది, మూడోది పెట్టింది, చెయ్యి వేగం అందుకుంది. తూర్పు సాళ్ళు ఆమె పట్టుకుంది, పడమటి వైపు మిగతావాళ్ళు దిగారు.

నేను కూలోళ్ళకు అన్నం తేవడానికి ఇంటికి పోయి వచ్చేసరికి, ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని వెంకటమ్మ మీద అరుస్తోంది. మొక్కలకు గాలి ఆడాలా వద్దా, యాల అట్లా ఒకదాని మీద ఒకటి కుక్కుతాండావని. ఆ అరుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది. పడమటి వైపు మొక్కలు సన్నటి కాళ్ళ మీద నిలబడ్డట్టు ఊగుతున్నాయి. తూర్పు వైపువి పొట్టిగా, కుదురుగా, నేలకు హత్తుకుని ఉన్నాయి. చూడడానికి ఎంత ముద్దుగా ఉన్నాయో. అదే మాట ఆమెతో అన్నాను కూడా. ఆ రోజు నుంచి ఆమె తెల్లవారితే చేలోనే ఉండేది. మొక్కల మొదళ్ళలో కలుపు తీసేది, ఇంటికొచ్చి ఆకలేస్తోందని అడిగి తినేది. ఇంక ఆమె మాకు దక్కిందనుకున్నాను.

పూత దిగే వేళకు తూర్పు సాళ్ళు వాడడం మొదలైంది.

ఒకటీ అరా కాదు. సాలుకు సాలు తల వేలాడేశాయి, ఆకు పచ్చగా ఉండగానే. పడమటి సాళ్ళలో ఒక్క మొక్క కూడా చెక్కు చెదరలేదు. మునిశేఖర్ ప్రవీణ్‌కు ఫోన్ చేశాడు. వాడిన మొక్క కాడ కోసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి ముంచి చూడమన్నాడతను. చూశాం. కోసిన చోటి నుంచి తెల్లటి దారం లాగా పాలు నీళ్ళలోకి జారాయి. ఎండు తెగులే. అంటు నారుకు రాకూడదే, వీలు చూసుకుని వస్తానన్నాడు. మునిశేఖర్ ఆ గ్లాసును చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, అదే నారు, అదే నేల, అవే నీళ్ళు, అమ్మ పెట్టినవే ఎందుకు పోయాయి అన్నాడు. అని, నా ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు. కానీ అనాల్సింది అనేశాడు కదా.

ఊళ్ళో వాళ్ళకు నాలుక కరుచుకోవాల్సిన పని లేదు. మా చేను దారి పక్కనే. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూశారు. ఎక్కడ ఆమె చెయ్యి ఆగిందో అక్కడ గీత గీసినట్టు చావు ఆగి ఉంది. వెంకటమ్మ వచ్చి చేను చూసి, మళ్ళీ ఆ పాపం అనే మాటే అని పోయింది.  నిజం చెబుతున్నాను, ఆ రాత్రి పడుకున్నప్పుడు నాకు కూడా సందేహం వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మా అత్త గెనిమ మీద నిలబడి ఒక్కసారి చూసింది. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. మర్నాడు పొద్దున గుడ్డల సంచీ తీసి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మదనపల్లెలో కూతురు సింధూజ ఇంటికి పోతానంది. ఎన్నాళ్ళకు వస్తావని అడిగితే, ఆ ఇంట్లో సెంటు మట్టి లేదు, అదే నాకు మంచిది అంది.

"నేను ఈడ ఉంటే మీకు మట్టి గూడా అచ్చిరాదు మే. నన్ను పోనీ."

ఆమె పోతే తిరిగి రాదని నాకు తెలుసు. సింధూజ అద్దె ఇంట్లో రెండో అంతస్తులో, ఆ గోడకు ఆనుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది. ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు అలాగే కూర్చుంటుంది. నేను ఎవరి మీద కోపమో తెలియక చేలోకి పోయాను. తూర్పు సాలులో ఎండిన మొక్కను ఒకదాన్ని పట్టుకుని పీకి పారేద్దామని లాగాను. రాలేదు. రెండు చేతులా లాగితే మట్టి గడ్డతో సహా ఊడి వచ్చి నేను వెనక్కి పడ్డాను.

లేచి, దాన్ని విసిరేయబోయి ఆగాను. వేళ్ళు రెండు వరుసలుగా ఉన్నాయి. అడుగున ఒక వరుస. దానికి బెత్తెడు పైన ఇంకో వరుస, గుబురుగా, గోధుమ రంగు తిరిగి. ఆ రెంటికీ మధ్య మట్టిలో మునిగిపోయి క్లిప్పు. పరుగున పడమటి వైపు పోయి బాగున్న మొక్కను ఒకదాన్ని పీకాను. అడుగున ఒకటే వరుస. క్లిప్పు మట్టికి పైన.

నేను సాలులోనే కూలబడ్డాను. ఆమె ఎప్పుడూ నాటినట్టే నాటింది. కాడను మెడదాకా దించింది. అతుకు పైన ఉన్న టమోటా కాడకు మట్టి తగిలి, సొంత వేళ్ళు పుట్టి, అవి తిన్నగా ఆ జబ్బు నేలలోకి దిగాయి. కింద అడవి వంగ వేరు ఉన్నా లేకపోయినా ఒకటే అయిపోయింది. ఆ రోజు నేను ఆమె చేతినే చూశాను గానీ, క్లిప్పు ఎక్కడ పోయిందని చూడలేదు. ప్రవీణ్ చెప్పిన మాట ఆమె వినలేదు. కొట్టం వెనకాల నిలబడి ఉంది. తన ముఖం ఎదురైతే నారుకు చెడు అని ఎక్కడ నిలబడిందో, అక్కడ నిలబడినందుకే నారు చచ్చింది.

ఆ మొక్కలు పట్టుకుని వస్తుంటే మునిశేఖర్ ఎదురయ్యాడు. చూపించి చెప్పాను. ఆయన ముఖం తేటపడింది, వెంటనే మళ్ళీ ముడుచుకుపోయింది. అమ్మకు చెప్పొద్దన్నాడు. ఆమెకు మిగిలింది ఆ నాటే పనితనం ఒక్కటే, అదీ తప్పని చెబితే ఏమైపోతుందని అడిగాడు. ఆయన అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. నేను కూడా దారి పొడుగునా అదే ఆలోచించాను.

"తప్పు అయితే దిద్దుకుంటాది. దోషం అంటే ఏం జేసుకుంటాది?" అన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

ఆమె వసారాలో సంచీ పక్కన కూర్చుని ఉంది, బస్సు వేళ కోసం. నేను రెండు మొక్కలనూ ఆమె ముందు పడేశాను. ఆమె ముఖం తిప్పుకుంది.

"యాల తెచ్చినావు మే ఈటిని? నాకు తెలీదా ఏంది?"

"నీకు తెలీదత్తా. నువ్వు తప్పుగా నాటినావు."

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆమె మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. ఆమె బతుకులో ఆ మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు.

"ఏమంటివి?"

"తప్పుగా నాటినావు అంటాండాను. అందుకే సచ్చినాయి."

"నాకు నాటేది నేర్పిస్తావా నువ్వు? కుప్పం నుంచి వచ్చినప్పుడు కలుపేదో నారేదో తెలీదే నీకు. కాడ మెడదాకా దించితే టమోటా సచ్చేది యాడన్నా సూసినావా?"

కొన్ని వారాలుగా వినని గొంతు. అయినా నేను తగ్గలేదు. ఇది ఉత్త టమోటా కాదు, కాడ చూడమన్నాను. ఆమె విసురుగా మొక్కను లాక్కుంది. బొటనవేలి గోరుతో కాడ మీద మట్టి గీకింది. క్లిప్పు బయటపడింది. దాన్ని ఊడదీసి, అతుకు మీద వేలు పెట్టి పైకీ కిందికీ రాసింది. రెండు కాడల రంగు వేరని ఆమెకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. క్లిప్పు నారు పడిపోకుండా నర్సరీవాళ్ళు వేసిన కట్టు అనుకుందట. అతుకు గురించి నాకు తెలిసింది చెప్పాను. ఆమె వింటూ, మంచి మొక్కనూ చచ్చిన మొక్కనూ పక్కపక్కన పెట్టి, వేళ్ళను ఒక్కొక్కటే విడదీసి చూసింది.

"ఇదంతా ఆ అబ్బాయి అందరికీ చెప్పినాడా?"

"అందరికీ చెప్పినాడు."

"నేను యాడ ఉండాను అప్పుడు?"

 ఆమెకే గుర్తొచ్చింది. మొక్కను ఒడిలో పెట్టుకుని కొట్టం వైపు చూసింది. బస్సు హారన్ రోడ్డు మీద వినబడి, పోయింది.

"అయితే మీ మామ పోయినందుకు కాదు."

"కాదత్తా."

"నా చేతికి ఏమీ కాలేదు."

"చేతికి ఏం కాలేదు. నువ్వు తప్పు జేసినావు, అంతే."

"తప్పు జేసినాను," అంది. ఇంకోసారి అంది, నెమ్మదిగా, నోట్లో ఆ మాట రుచి చూసుకుంటున్నట్టు. తప్పు చేశానని ఒప్పుకుంటూ ఒక మనిషి ముఖం అంత తెరిపిన పడడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు ఆమె మట్టి చేతులు రెండూ ముఖాన పెట్టుకుని, పోతివి గదప్పా, నన్ను ఇట్లా చేసి పోతివి గదప్పా అని మామను తలుచుకుని ఏడ్చింది. ఆయన పోయాక అదే మొదటి ఏడుపు. నేను ఆపలేదు. పక్కన కూర్చున్నాను.

ఏడుపు ఆగాక ముఖం కడుక్కుని, ప్రవీణ్‌కు ఫోన్ చేయమంది. తనే మాట్లాడింది. వాడనివి ఇంకా ఉంటే మొదళ్ళ నుంచి మట్టి లాగేసి, అతుకు పైన పుట్టిన వేళ్ళను కోసేయమన్నాడతను. ఎన్ని నిలుస్తాయో చెప్పలేనన్నాడు. ఆమె కొడవలి తీసుకుని బయల్దేరింది. ఎండ చురచురలాడుతోంది, తల మీద కొంగు కప్పుకోమంటే వినిపించుకోలేదు.

తూర్పు సాళ్ళలో ఇద్దరం వంగి, మిగిలిన మొక్కల మొదళ్ళు ఒక్కొక్కటే తవ్వాం. తను పోసిన మట్టిని తనే లాగేసింది. మెడదాకా కప్పిన కాడలు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి, పాలిపోయి, వేళ్ళతో. ఆ వేళ్ళను కోసేటప్పుడు ఆమె పళ్ళు బిగించేది. కొన్ని అప్పటికే మెత్తబడి ఉన్నాయి, వాటిని పీకి గెనిమ మీదికి విసిరేసింది. పోయినవే ఎక్కువ.

మునిశేఖర్ వచ్చి సాలు మొదట్లో నిలబడ్డాడు. అమ్మా, నువ్వు కూర్చో, నేను చేస్తాను అన్నాడు. ఆమె లేవలేదు. చేతిలో ఉన్న కాడకు అంటిన మట్టిని బొటనవేలితో తుడుస్తూ, కొడుకు వైపు చూడకుండానే చెప్పింది.

"ఈసారి నారు బండి వచ్చినప్పుడు నేను బండి ముందరే నిలబడతాను. నా మొకం ఎదురు రాగూడదు అనేటోళ్ళు ఉంటే వాళ్ళే కొట్టం ఎనకాలకు పోనీ. ఆ అబ్బాయి చెప్పేది నాకు ఇనపడాల."